మూత తియ్యని డబ్బాలు

ఆవకాయకి నూనె కొనేముందు మన ఇళ్ళలో ఆడవాళ్ళు జరిపే విచారణ చూస్తే, దాని ముందు ఏ కమిషనూ పనికిరాదనిపిస్తుంది. ధర సంగతి తరవాత. "కిందటేడు ఎవరి గానుగ నూనె పోశారు? శ్రావణానికల్లా కంపు కొట్టిందా? ముక్క మెత్తబడిందా?" ఇవీ మొదటి ప్రశ్నలు. కారణం తెలిసిందే. ఎండాకాలంలో జాడీకి వాసెన కట్టేశాక లోపల ఏం జరుగుతోందో ఎవరికి కనపడుతుంది? వానాకాలంలో వాసెన విప్పేనాటికి నూనె అమ్మినవాడు డబ్బు పుచ్చుకుని నెలలు గడిచిపోయి ఉంటాయి. అందుకే అమ్మేవాడి ఒట్లకన్నా, నిరుడు అతని దగ్గర కొన్న పక్కింటి పిన్నిగారి మాటకి విలువ ఎక్కువ.

పాపం, ప్రభుత్వాలకి పక్కింటి పిన్నిగారు లేరు. టెండర్లు పిలుస్తాయి, కవర్లు విప్పుతాయి, ఎవరు తక్కువకి వేస్తే వారికి పని అప్పగిస్తాయి. ఈ మనిషి ఇదివరకు ఇచ్చిన సరుకు ఏమయింది, కట్టిన గోడ ఎన్నాళ్ళు నిలిచింది అన్న ప్రశ్నకి సర్కారు కాగితాల్లో చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యం ఎలాటిదో చెప్పే కథ ఒకటి ఇంగ్లండు నావికాదళం చరిత్రలో ఉంది. అది మాంసం డబ్బాల కథ. శాకాహారులు కాస్త ముక్కు మూసుకుని చదవాలి. ఆ మాటకొస్తే మాంసాహారులకీ ఆ అవసరం తప్పదనుకోండి!

ఓడల మీద నెలల తరబడి తిరిగే నావికుల తిండి ఒకప్పుడు ఉప్పులో ఊరిన మాంసమూ, రాయిలాటి బిస్కట్లూను. 1810లో ఫ్రాన్సులో నికొలాస్ అప్పెర్ అనే వంటవాడు, తిండిని సీసాల్లో బిగించి వేడినీళ్ళలో ఉడికిస్తే చెడకుండా ఉంటుందని పుస్తకం రాసి ప్రకటించాడు. అదే ఏడు లండనులో పీటర్ డ్యురాండ్ సీసాలకి బదులు రేకుడబ్బాలు కూడా వాడవచ్చంటూ పేటెంటు తీసుకున్నాడు. మరి మూడేళ్ళకే డాంకిన్, హాల్ అనే ఇద్దరు భాగస్వాముల ఫ్యాక్టరీ నుంచి నావికాదళానికి డబ్బాలు రావడం మొదలెట్టాయి.

వాళ్ళ కంపెనీ డబ్బాల మన్నిక చూడండి. 1824లో కెప్టెన్ పారీ ఉత్తర ధ్రువం దిక్కుగా వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళిన మాంసం డబ్బా ఒకటి, తెరవకుండానే తిరిగొచ్చి మ్యూజియంలో పడి ఉంది. దాన్ని 1938లో, అంటే 114 ఏళ్ళ తరవాత, శాస్త్రజ్ఞులు తెరిచి ఎలుకలకీ ఒక పిల్లికీ పెట్టారు. వాటికి ఏమీ కాలేదు! కాబట్టి డబ్బా అనే వస్తువులో దోషం లేదు. డబ్బాలో పెట్టే చేతిని బట్టే ఉంటుంది సంగతంతా.

ఇక రెండో చెయ్యి కథ. స్టీఫెన్ గోల్డ్‌నర్ అనే వ్యాపారి 1840ల్లో రంగంలోకి దిగాడు. డాన్యూబు నది ఒడ్డున, ఇప్పటి రుమేనియాలో ఉన్న గలాట్స్ అనే రేవుపట్నంలో ఫ్యాక్టరీ పెట్టాడు. అక్కడ పశువులు చవక, కూలి చవక. అందుచేత ఇంగ్లండులోని పాత కంపెనీలకి గిట్టని ధరకి ఆయన డబ్బా ఇవ్వగలిగాడు. తక్కువ ధర చూస్తే సర్కారు గుమాస్తాకి ప్రాణం లేచొస్తుంది కదా! కాంట్రాక్టు ఆయనకే దక్కింది.

1845 మే నెలలో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో ఎరిబస్, టెర్రర్ అనే రెండు ఓడలు ఉత్తర ధ్రువపు మంచు సముద్రాల గుండా దారి వెతకడానికి బయల్దేరాయి. మూడేళ్ళకి సరిపడా తిండి ఎక్కించారు. అందులో సుమారు 8,000 డబ్బాలు గోల్డ్‌నర్‌వే. ఆయనకి ఆర్డరు అందింది ఏప్రిల్ మొదట్లో. గడువు ఏడు వారాలు. ఆ ఓడల మీద మిగిలిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఫ్రాంక్లిన్ భార్య లేడీ జేన్ ఏళ్ళ తరబడి అధికారుల వెంటపడింది. వాళ్ళు ఇక చాలన్నాక కూడా సొంత డబ్బు పోసి ఓడలు పంపించింది. ఆమె పంపిన ఓడవాళ్ళకే 1859లో, ఫ్రాంక్లిన్ 1847 జూన్‌లోనే పోయాడని చెప్పే కాగితం మంచు దీవిలో దొరికింది. మునిగిన ఓడల ఆచూకీ మాత్రం 2014లో ఒకదానిదీ, 2016లో రెండోదానిదీ తెలిసింది.

ఇంతమంది ప్రాణాలు తీసింది ఆ డబ్బాలేనని తీర్పు చెప్పేస్తే న్యాయం కాదు. చలి ఉంది, ఆకలి ఉంది, రోగాలున్నాయి. డబ్బాల అతుకుల్లోని సీసం విషమై చంపిందని 1980ల్లో కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. సీసం ఆ రోజుల్లో అందరి ఒంట్లోనూ ఉండేదని తరవాతివాళ్ళు కొట్టిపారేశారు. ఆ పంచాయతీ తెగలేదు. తెగినది వేరే ఉంది.

1847 నుంచి డబ్బా మాంసం నావికులందరికీ వారానికో రోజు మామూలు భోజనమైంది. దాంతో ఆర్డర్లు పెరిగాయి, ఫిర్యాదులూ పెరిగాయి. ఈ ఓడ నుంచి ఒక ఉత్తరం, ఆ రేవు నుంచి ఇంకో ఉత్తరం. డబ్బాలు ఉబ్బాయనీ, పగిలాయనీ, లోపలి సరుకు కుళ్ళిందనీ. అయినా కాంట్రాక్టు నడుస్తూనే ఉంది. చివరికి 1852 జనవరిలో పోర్ట్స్‌మత్ పక్కన గోస్పోర్ట్ అనే ఊళ్ళోని సర్కారు గిడ్డంగిలో అధికారులు కూర్చుని వరసగా డబ్బాలు కోయించారు. ఒకటి కుళ్ళు, రెండోది కుళ్ళు, మూడోదీ అంతే. కొన్నిట్లో మనుషులు తినే భాగాలే లేవు. ఆ కంపుకి అక్కడ నిలబడడమే గగనమయింది. తెరిచినవాటిలో తినడానికి పనికొచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కాకపోయినా, పారబోసినవాటి ముందు అవి ఏ మూలకీ కావు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. పార్లమెంటు విచారణ సంఘం వేసింది. గోల్డ్‌నర్‌తో వ్యవహారం తెగిపోయింది. కొన్నాళ్ళకి నావికాదళం డెట్‌ఫర్డ్‌లో సొంతంగా మాంసం డబ్బాల ఫ్యాక్టరీ పెట్టుకుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

అంతా గోల్డ్‌నర్ మోసమేనా అంటే, అలా అనడానికీ లేదు. డబ్బా ఎందుకు చెడుతుందో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ రుజువు చేసింది 1860ల్లో. ఖర్చు కలిసొస్తుందని పెద్ద పెద్ద డబ్బాలు చేస్తే, మందంగా వేసిన ఆవిరి కుడుము పైన ఉడికి నడుమ పిండి మిగిలినట్టు, వేడి లోపలిదాకా చేరక నడిమాంసం కుళ్ళేది. ఆ కారణం తెలియకపోవడం తప్పు కాదు. కాని కారణం తెలియనప్పుడే కదా అనుభవాన్ని నమ్ముకోవాలి! మన నాయనమ్మలకి మాత్రం సూక్ష్మజీవులు తెలుసునా? తడి గరిటె జాడీలో పెట్టకూడదని తెలుసు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. నిజమే, గిన్నె ఒకటే అయితే. సీలు వేసిన డబ్బాలు వెయ్యి ఉంటే అవి వెయ్యి గిన్నెలు. అన్నీ తెరిచి చూస్తే ఓడకి పంపడానికేమీ మిగలదు. అలాటి సరుకుకి పట్టి చూడదగ్గ మెతుకు ఒక్కటే: ఇచ్చినవాడి గతం. నావికాదళానికి ఆ మెతుకు దొరకలేదా? దొరికింది. ఎన్నో ఉత్తరాల్లో దొరికింది. కాని తిన్నవాడు ఎక్కడో సముద్రం మీద, ఉత్తరం అందుకున్నవాడు ఒక గదిలో, బేరమాడేవాడు ఇంకో గదిలో ఉన్నారు. మనింట్లో పప్పు కొన్న చెయ్యే పుచ్చులు ఏరుతుంది, వండుతుంది, "ఇదేం పప్పే?" అన్న మాటా పడుతుంది. కాబట్టి మరిచిపోవడానికి వీల్లేదు. ప్రభుత్వంలో ఆ పనులు ముక్కలైపోయాయి. జ్ఞాపకమూ ముక్కలైంది.

ఆ ముక్కలు కలిపి కుట్టే ప్రయత్నం చట్టంలోకి ఎక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. అమెరికా 1994లో చేసిన చట్టం, కాంట్రాక్టరు పాత పనితీరుని కూడా కొత్త కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు తూచి చూడాలంది. పని పూర్తయ్యాక అధికారులు మార్కులు వేస్తారు. ఆ కాంట్రాక్టరు తన జవాబు తాను చెప్పుకోవచ్చు. అసలు గతమే లేని కొత్తవాడికి దానివల్ల లాభమూ కూడదు, నష్టమూ కూడదన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. లేకపోతే పాతవాళ్ళు తలుపు గడియ వేసుకుని లోపలే కూచుంటారు. మన దేశంలోనూ టెండరు వేసేవాడు ఇలాటి పని ముందు చేసి ఉండాలన్న షరతు మామూలే. అయితే చేశాడా లేదా అన్నది ఒక ప్రశ్న, ఎలా చేశాడన్నది వేరే ప్రశ్న. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖ, కొన్ని రకాల పనుల్లో ధరతోపాటు నాణ్యతకీ మార్కులు వెయ్యవచ్చనీ, అవి నూటికి 30కి మించకూడదనీ నియమాలు విడుదల చేసింది.

ఇందులోనూ చిక్కులు లేకపోలేదు. బడి వదిలి వెళ్ళే ప్రతి పిల్లవాడి సర్టిఫికెట్టులోనూ "నడవడి: బాగు" అనే ఉంటుంది. ఎందుకొచ్చిన తగువులే అని మేష్టారు రాసిపారేస్తారు. కాంట్రాక్టరుకి మార్కులు వేసే అధికారికీ అదే మొహమాటం, కోర్టుకి ఈడుస్తాడన్న భయం. ఇంకొకచోట అయినవాడికి ఆకుల్లో, కానివాడికి కంచాల్లో. అందుకని ఎవరో ఒకరి దయాదాక్షిణ్యాల మీద కాకుండా తేదీలతో, లెక్కలతో రాసిపెట్టుకోవాలి: ఏనాడు ఇస్తానన్నాడు, ఏనాడు ఇచ్చాడు, ఎన్ని వెనక్కి వచ్చాయి, ఎన్నిసార్లు మరమ్మతు చేశారు.

తక్కువ ధర చూడవద్దని నేననను. ప్రజల డబ్బు, చూసి తీరాల్సిందే. కాని కుళ్ళి పారేసిన డబ్బా కన్నా ఖరీదైన డబ్బా ఏముంది? బడిపిల్లల భోజనానికి పప్పు కొన్నా, ఆస్పత్రికి మందులు కొన్నా, ధర తెలిసేది కొనేవాడికి, రుచి తెలిసేది తిన్నవాడికి. నడిసముద్రంలో డబ్బా తెరిచి ముక్కు మూసుకున్న ఆ పేరు తెలియని నావికుడు ఉత్తరం రాయించలేక కాదు, అది టెండరు విప్పే బల్లమీదికి రాలేదు. ఆ ఉత్తరం అక్కడికి చేరేదాకా, ఎన్ని చట్టాలు చేసినా కవరులో ఉండేది ధర ఒక్కటే.