తేనెటీగలను పెట్టెలో నిలుపుట: కొంత చరిత్ర

చందానగర్‌లోని ఎత్తైన మేడల చూరుల క్రింద వేలాడు పెద్ద తేనెపట్టులు చాలమంది చూచియే యుందురు. అవి కొండ తేనెటీగలవి. ఒకే పెర, అదియు ఆరుబయట. ఈ ఈగను పెట్టెలలో పెంచు వాడుక లేదు. చీకటిలో ప్రక్కప్రక్కగా పలు పెరలు కట్టు జాతియే పెట్టెకు తగినది. మన దేశమున అట్టిది పుట్ట తేనెటీగ. చెట్టు తొర్రలలో, పుట్టలలో, పాత గోడల సందులలో కాపురముండును. పెట్టెకు తగినదే గాని, అందు నిలుపుట మాత్రము సులభము కాదు.

1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతాచార్యుడు ఒక చిన్న సంగతి గ్రహించెను. ఈగలు తమ రాకపోకలకై సుమారు 9 మిల్లీమీటర్ల సందు విడుచును. సందు అంతకు మించినచో అందు పెర కట్టును. మరీ తగ్గినచో జిగురుతో పూడ్చును. ఈ కొలతను పాటించి చట్రములు అమర్చినచో వానిని విడివిడిగా పైకి తీయవచ్చును. అంతకు ముందు తేనె తీయుట యనగా సాధారణముగా గూటిని పాడుచేయుటయే.

ఈ పద్ధతిని 1882లో బెంగాలున మన ఈగపై ప్రయోగించిరి గాని, అది సాగలేదు. మన ఈగ చిన్నది, కుటుంబమును చిన్నదే. పెద్ద పెట్టెలో కొలది ఈగలు పెరలన్నిటిని కప్పలేవు. పిల్లలకు 34, 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. కాపు లేని పెరలకు మైనపు పురుగు పట్టును. అంతట రాణితో సహా కుటుంబమంతయు లేచిపోవును! 1910 ప్రాంతమున తిరుచిరాపల్లిలో న్యూటన్ అను క్రైస్తవ గురువు మన ఈగకు సరిపోవు ఏడు చట్రముల చిన్న పెట్టెను రూపొందించి, 1911 మొదలు పల్లెవారికి శిక్షణ ఇచ్చెను. దక్షిణాదిన వ్యాపించినది ఆ పెట్టెయే.

తొర్రలోని కుటుంబమును పెట్టెలోనికి మార్చు పద్ధతి ముచ్చటైనది. పిల్లలున్న పెరలను కోసి, తలక్రిందులు కాకుండ చట్రములలో నిలిపి అరటినారతో కట్టుదురు. కొద్ది దినములలో ఈగలే మైనముతో వానిని అతుకును. పిల్లలను విడిచిపోవుటకు ఈగలు వెనుదీయును. కుటుంబమును నిలుపునది పెట్టెకంటె ఆ పిల్లల పెరయే. మార్పు సాయంకాలము చేయుదురు. చీకటి పడిన పిదప పంచదార పాకము పెట్టుదురు. పగలు పెట్టినచో పరాయి ఈగలు దోపిడికి వచ్చును.

ఐరోపా ఈగ మన దేశమున స్థిరపడుట మరొక కథ. 1962లో నాటి పంజాబులోని నగ్రోటాలో ఆ ఈగను నిలుపుటలో అత్వాల్, ఆయన సహచరులు పుట్ట ఈగల గూళ్ళనే వాడుకొనిరి. తల్లిలేని గూటిలో పరాయి రాణిని ప్రవేశపెట్టిరి. పాత కూలి ఈగలు ఆమె బిడ్డలను పెంచి, క్రమముగా తాము అంతరించెను. గూడు అదియే, జాతి మారినది! 1991, 92 సంవత్సరములలో పిల్లపురుగులను సంచులవలె చేసి చంపు ఒక వైరస్ తెగులు దక్షిణాదిన పుట్ట ఈగల కుటుంబములను అపారముగా నాశనము చేసెను. ఆ పిదప ఐరోపా ఈగకు ఆదరణ హెచ్చెను.

నేడు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఈ పెంపకమున శిక్షణ ఇచ్చుచున్నది. కుటుంబమును చట్రములతో సహా కొని తెచ్చుకొనవచ్చును. అయినను పాశ్చాత్య గ్రంథములు చెప్పు వసంతమునకును మన వసంతమునకును భేదము కలదు. అచ్చట వసంతము వెనుక పూలు నెలల తరబడి యుండును. మనకో, ఉగాది నాటి వేపపూత, కానుగపూత ముగియకమునుపే ఎండలు ముదురును. క్రొత్త పెర మెత్తబడి జారును. ఈగలు నీరు తెచ్చి గూటిలో చిలకరించి, రెక్కలతో విసరి చల్లబరచుకొనును. కావున పెట్టెను చెట్టునీడన ఉంచి, దగ్గరలో నీరు, కోళ్ళ క్రింద చీమలు దాటలేని నీటిపళ్ళెములు అమర్చవలెను.

రాణి పారిపోకుండ ద్వారమునకు సన్నని అడ్డు పెట్టుదురు; కూలి ఈగలు అందు దూరగలవు, రాణి దూరలేదు. కాళ్ళకు పుప్పొడి ముద్దలతో ఈగలు జోరుగా దిగుచున్నచో లోపల పిల్లలు పెరుగుచున్నవని ఊహింపవచ్చును. పెట్టె తెరచి గుడ్లను చూచి నిశ్చయించుకొన్న పిదప ఆ అడ్డు తీసివేయుదురు.