పడవబండికి తాళం

గోదావరిఖని అనే పేరులోనే నదీ, గనీ రెండూ ఉన్నవి. 1960వ దశకంలో బొగ్గుగనులతో పాటు పెరిగిన ఈ పట్టణానికి గోదావరి దగ్గరలోనే ఉన్నది. నీటిలో ఉన్న పడవను గట్టున గుంజకు కట్టివేయడం పాత అలవాటు. కాని వరద వచ్చినప్పుడు పడవ రేవులో ఉంటే చాలదు. నీరు చుట్టుముట్టిన ఊరికి దానిని రోడ్డుమీద తీసుకొనిపోవాలి. అందుకు ట్రాక్టరుకో జీపుకో తగిలించే చక్రాల బండి, అనగా ట్రెయిలరు, కావాలి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగుల మట్టం దాటినది. అటువంటి రోజున పడవ ఉండి, బండి దొంగల పాలైతే ఆ పడవ ఎవరికి ఉపకరిస్తుంది?

ట్రెయిలరుకు ఇంజను లేదు. దానిని నడపడానికి తాళపుచెవి అక్కరలేదు. ఏ వాహనానికైనా సులువుగా తగిలేటట్లు దాని కొక్కెం అమర్చబడి ఉంటుంది. ఈ సుగుణమే దొంగకు అవకాశం. కనుక దీనిని కాపాడేది తాళమే. అయితే తాళం చేసే పని ఏమిటి? దీనికి చరిత్ర సమాధానం చెప్పుతున్నది.

1817లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకానిర్మాణశాలలో దొంగతాళపుచెవులతో చోరీ జరిగినది. సొంత చెవితో తప్ప తెరుచుకొనని తాళం చేసినవారికి 100 పౌనులు బహుమానమని ప్రభుత్వం ప్రకటించినది. 1818లో జెరెమయా చబ్ ఒక తాళాన్ని రూపొందించినాడు. అందులోని మీటలలో దేనినైనా దొంగ అవసరానికి మించి పైకెత్తితే అది అక్కడే చిక్కుకొనిపోతుంది. తరువాత యజమాని తన చెవి పెట్టినప్పుడు తాళం తెరుచుకొనదు. ఎవరో ప్రయత్నించినారని అతనికి తెలిసిపోతుంది. అనగా ఈ తాళం అడ్డగించడమే గాక సాక్ష్యం కూడా చెప్పుతుంది.

1851లో లండను మహాప్రదర్శన సమయంలో హాబ్స్ అనే అమెరికన్ నిపుణుడు ఈ తాళాన్నే 25 నిమిషాలలో తెరిచినాడు. బ్రామా అనే మరొక ప్రసిద్ధమైన తాళానికి అతనికి 16 రోజులలో 51 గంటలు పట్టినది. తెరవరాని తాళం లేదని లోకానికి తెలిసినది. తాళం ఇచ్చేది అభయం కాదు, కాలం. 51 గంటలు ఏ దొంగకూ దొరకవు.

సాక్ష్యం చెప్పే తాళం బొగ్గుగనులకు కొత్త కాదు. 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన రక్షకదీపాన్ని గనిలో తెరిస్తే మంట తగిలి మీథేన్ వాయువు పేలవచ్చు. అందుచేత లాంప్ రూములో దీపానికి సీసపు ముద్ర వేసి ఇచ్చేవారు. ముద్ర చెదరకుండా దీపం తెరవడం సాధ్యం కాదు. తెరిచినవాడు తిరిగివచ్చినప్పుడు పట్టుబడక తప్పదు. మరికొన్ని దీపాలకు బలమైన అయస్కాంతంతోనే తెరుచుకొనే తాళం ఉండేది.

ఈ రెండు సూత్రాలనే పడవబండికి అన్వయించవచ్చు. మొదటిది కాలం. కొక్కేనికి తాళం వేసినా, దొంగ దాని కాడకు గొలుసు చుట్టి లాగుకొనిపోగలడు. కనుక చక్రానికి కూడా తాళం వేయాలి. చక్రాన్నీ, చట్రాన్నీ కలిపి గట్టిపరచిన ఉక్కుగొలుసుతో కాంక్రీటులో పాతిన స్తంభానికి బిగించాలి. గొలుసు నేలమీద పడి ఉండరాదు. కారణం విద్యార్థులకు తెలిసినదే. బోల్టు కట్టరు ఒక తులాదండం. దాని పిడి 90 సెంటీమీటర్లు, కోసే అంచు ఇరుసుకు 3 సెంటీమీటర్ల దూరం అయితే బలం 30 రెట్లు అవుతుంది. ఒక పిడిని నేలకు ఆనించి, రెండవదానిపై శరీరభారమంతా మోపితే చాలా గొలుసులు తెగవచ్చు. గొలుసు బిగువుగా, నేలకు ఎత్తుగా ఉంటే దొంగకు ఆ అనుకూలం ఉండదు. చాలకాలం నిలిపి ఉంచే బండికి చక్రాలు ఊడదీసి, ఇరుసును దిమ్మలమీద నిలపడం ఇంకా మేలు. కాని వరద రోజులలో ఇది పనికిరాదు. అప్పుడు బండి వెంటనే కదలాలి.

రెండవది సాక్ష్యం. చట్రంపై సంఖ్యను రెండు మూడు చోట్ల, ఒకటి కంటికి కనిపించని చోట, చెక్కించాలి. ఆ సంఖ్యను, బండి ఫొటోలను వేరే చోట భద్రపరచాలి. రంగు మార్చినా చెక్కిన సంఖ్య బండి ఎవరిదో చెప్పుతుంది.

తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదో ఊరిలో ఒకరికి మించి తెలిసి ఉండడం కూడా అవసరమే. దొంగను ఆలస్యం చేసే తాళం, వరద రాత్రి పడవను ఆలస్యం చేయరాదు.