మోకాలి లిగమెంట్ ఆపరేషన్ తర్వాత తొడ బలం: చికిత్స చరిత్ర

మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగి ఆపరేషన్ చేయించుకున్నవారికి తొడ ముందువైపున ఉండే క్వాడ్రిసెప్స్ కండరం కొద్ది వారాల్లోనే చిక్కిపోతుంది. మోకాలిని చాపేది, మెట్లు దిగుతున్నప్పుడు మనిషి కూలబడకుండా ఆపేది ఈ కండరమే. అతికించిన లిగమెంట్‌కు విశ్రాంతి కావాలి, కండరానికి పని కావాలి. ఈ చికిత్స చరిత్రంతా ఆ రెంటి మధ్య తగవే.

బ్రిస్టల్ సర్జన్ హే గ్రోవ్స్ 1917లో తొడ పక్కనుండే పొర ముక్కతో కొత్త ఏసీఎల్ కట్టాడు. కండరాన్ని బలపరిచే పద్ధతికి దారి చూపింది మాత్రం రెండో ప్రపంచయుద్ధం. షికాగోలోని సైనిక ఆసుపత్రిలో గాయపడిన సిపాయిలు నెలల తరబడి మంచాలు ఖాళీ చేయలేకపోయేవారు. అక్కడి యువ వైద్యుడు థామస్ డెలార్మ్‌కు బరువులెత్తే అలవాటుంది. చిన్న బరువుతో వందలసార్లు కాలు ఆడించే నాటి ఆనవాయితీని పక్కనపెట్టి, అతను పాదానికి ఇనుప బూటు తొడిగి పెద్ద బరువులు ఎత్తించాడు. ఫలితాలను 1945లో ప్రచురించాడు. 1948లో వాట్కిన్స్‌తో కలిసి పద్ధతిని సులువు చేశాడు. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును లెక్కగట్టి, మొదట అందులో సగంతో, తర్వాత ముప్పాతికతో, చివరికి పూర్తి బరువుతో పదేసిసార్లు చేయించడమే ఆ సూత్రం. జిమ్‌లలో ఇప్పటికీ వినిపించే ‘మూడు సెట్లు, పదేసి’ లెక్కకు మూలం ఇదేనంటారు.

బరువులతో తేలని చిక్కు ఒకటుంది. ఆపరేషన్ తర్వాత ఎంత గట్టిగా ప్రయత్నించినా తొడ బిగుసుకోదు. 1965లో డి ఆండ్రడే బృందం మోకాలిలోకి ద్రవం ఎక్కించి చూపింది: కీలు ఉబ్బితే వెన్నుపాము స్థాయిలోనే కండరానికి వెళ్లే ఆజ్ఞ తగ్గిపోతుంది. తొడ లోపలివైపు భాగం సడలడానికి 20–30 మిల్లీలీటర్లు చాలని 1984 నాటి మరో ప్రయోగం తేల్చింది. రోగి బద్ధకస్తుడన్న నింద దీంతో తొలగిపోవాల్సింది, అన్నిచోట్లా తొలగలేదు.

1970లలో కొత్త లిగమెంట్ సాగిపోతుందన్న భయంతో కాలికి వారాలపాటు పిండికట్టు వేసేవారు. మోకాలు బిగుసుకుపోయేది, తొడ పీల్చుకుపోయేది. కత్తి కంటే కట్టే ఆ కండరానికి ఎక్కువ చెరుపు చేసిందనవచ్చు. ఆ భయాన్ని సడలించినవాడు ఇండియానాపోలిస్‌కు చెందిన షెల్‌బర్న్. డాక్టరు మాట వినకుండా త్వరగా నడిచేసిన రోగులే బాగా కోలుకుంటున్నారని అతను గమనించాడు. వెంటనే మోకాలిని పూర్తిగా చాపించి, ఓర్చుకోగలిగినంత బరువు మోపనిచ్చే విధానాన్ని నిట్జ్‌తో కలిసి 1990లో ప్రకటించాడు.

తర్వాతి వాదం కుర్చీలో కూర్చుని బరువుతో కాలు చాపే వ్యాయామం మీద. చివరి డిగ్రీలలో అది కాలి ఎముకను ముందుకు లాగి కొత్త లిగమెంట్‌ను ఒత్తిడికి గురిచేస్తుందని దాన్ని నిషేధించి, పాదం నేల మీదే ఉండే గుంజీల వంటివాటికే పరిమితమయ్యారు. గుంజీలలో పిరుదులూ ఇతర కండరాలూ భారం పంచుకుంటాయి, తొడ తప్పించుకుంటుంది. ఆరో వారం నుంచి కాలు చాపే వ్యాయామాన్ని కలిపితే మోకాలు వదులు కాకుండానే బలం పెరిగిందని 2000లో స్వీడన్ పరిశోధకులు చూపాక నిషేధం మెత్తబడింది.

మరోవైపు, 1995లో డెలావేర్‌కు చెందిన స్నైడర్-మాక్లర్ బృందం 110 మందిపై జరిపిన పరీక్షలో, గట్టిగా ముడుచుకునేంత విద్యుత్ ప్రేరణ ఇస్తే తొడ మెరుగ్గా కోలుకుంది. ఇంట్లో వాడుకునే చిన్న యంత్రాల మంద్ర ప్రేరణ ఆ పని చేయలేదు. జపాన్‌లో తకరద 2000లో తొడ పైభాగాన పట్టీ బిగించి రక్తప్రవాహాన్ని తగ్గించే పద్ధతిని ఈ ఆపరేషన్ రోగులపై ప్రయత్నించి, కండరం తరుగుదల తగ్గినట్టు చూపాడు. పెద్ద బరువు మోయలేని తొలి వారాలకు అది అక్కరకొచ్చింది.

ఆటకు ఎప్పుడు పంపాలన్నది ఇప్పుడు క్యాలెండర్‌తో పాటు కొలతల మీదా ఆధారపడుతోంది. ఆపరేషన్ కాలి బలం రెండో కాలిలో కనీసం 90 శాతం ఉండాలన్నది వాడుకలోని హద్దు. డెలావేర్–ఆస్లో బృందం 2016లో, తొమ్మిది నెలల దాకా ఆగిన ప్రతి నెలా మళ్లీ గాయపడే ముప్పును సుమారు సగం తగ్గించిందని లెక్కగట్టింది. ఆ హద్దు మీదా విమర్శ ఉంది: నెలల తరబడి ఆటకు దూరమైతే బాగున్న కాలు కూడా బలహీనపడుతుంది, కాబట్టి 90 శాతం అన్న అంకె అసలు లోటును కప్పిపుచ్చవచ్చు. అందుకే కొందరు ఆపరేషన్‌కు ముందే బాగున్న కాలి బలాన్ని కొలిచి పెట్టుకుంటున్నారు.