రక్తం పడితే అన్నీ మొలలే కాదు: ఆసన, కటి భాగపు జబ్బుల గురించి ప్రతి ఇంట్లో తెలియాల్సినవి

చోడవరంలోనే కాదు, మన వైపు ఏ ఊరి బస్టాండు గోడ చూసినా "ఆపరేషన్ లేకుండా మొలలకు గ్యారంటీ వైద్యం" అన్న రాతలు కనబడుతూనే ఉంటాయి. షుగరుకు, బీపీకి ఇన్ని గోడరాతలు ఉండవు. ఎందుకంటే ఈ జబ్బు వచ్చిన మనిషి ఇంట్లో చెప్పుకోడు, పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లడు. గోడ మీద చదివి, ఎవరికీ తెలియకుండా వెళ్లొస్తే సరిపోతుందనుకుంటాడు. ఆడవాళ్ల సంగతైతే ఇంకా కష్టం. అమ్మీకి పదేళ్ల నుంచి బాధ ఉందన్న మాట కోడలికి ఆసుపత్రిలోనే తెలిసే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి.

మలద్వారం దగ్గర ఏం వచ్చినా మనం పెట్టే పేరు ఒక్కటే. తెలుగులో మొలలు, ఉర్దూలో బవాసీర్. కానీ ఆ ఒక్క పేరు కింద నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. వాటిలో ఒకటి ప్రాణం తీసేది. అందుకే ముందు తేడా తెలుసుకుందాం.

మొలలు అంటే ఏమిటి

మొలలు బయటి నుంచి కొత్తగా మొలిచేవి కావు. ప్రతి మనిషికీ మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తని దిండ్లలాంటి కండలు పుట్టుకతోనే ఉంటాయి. గాలి, మలం జారిపోకుండా మూసి ఉంచడానికి అవి సాయం చేస్తాయి. ఏళ్ల తరబడి ముక్కడం, మలబద్ధకం, గర్భం బరువు, గంటలకొద్దీ దొడ్లో కూర్చోవడం వల్ల అవి ఉబ్బి కిందికి జారితే వాటినే మొలలంటాం.

లోపలి మొలలకు మామూలుగా నొప్పి ఉండదు. మలం అయిన తర్వాత ఎర్రని రక్తం చుక్కలు చుక్కలుగా పడుతుంది. డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా చూస్తారు. మొదటి దశలో రక్తం తప్ప బయటికి ఏమీ రాదు. రెండో దశలో ముక్కినప్పుడు బయటికొచ్చి దానంతట అదే లోపలికి పోతుంది. మూడో దశలో వేలితో నెట్టాలి. నాలుగో దశలో నెట్టినా పోదు. మొదటి రెండు దశల్లో చాలామందికి తిండి మార్చుకుని, మలం మెత్తబడితే చాలు. తగ్గకపోతే మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు, కొద్ది రోజుల్లో అది ఎండి రాలిపోతుంది. దీనికి మత్తు కూడా అక్కర్లేదు. ఆపరేషన్ అవసరం ఎక్కువగా మూడు, నాలుగు దశల వాళ్లకే.

మలద్వారం అంచున ఉన్నట్టుండి నీలంగా, గట్టిగా, విపరీతమైన నొప్పితో గడ్డ వస్తే అది బయటి మొలలో రక్తం గడ్డకట్టడం. మొదటి మూడు రోజుల్లో చూపిస్తే ఆ చోటుకే మత్తిచ్చి తీసేయగలరు. ఆలస్యమైతే వేణ్ణీళ్ల కాపడంతో, మందులతో వారం రెండు వారాల్లో మెల్లగా కరుగుతుంది.

ఇక గోడరాతల ఇంజక్షన్ గురించి. మొలలకు ఇంజక్షన్ అనేది అబద్ధమేం కాదు. బాదం నూనెలో కలిపిన ఫినాల్ అనే మందును సర్జన్లు చాలాకాలంగా వాడుతున్నారు. కానీ దాన్ని లోపల, నొప్పి తెలియని పైభాగంలో, సరైన పొరలో, సరైన మోతాదులో వేయాలి. చదువు లేని చేతిలో అదే మందు కండను కాల్చేస్తుంది. పుండు పడుతుంది, మలద్వారం ఇరుకైపోతుంది, మగవాళ్లలో ప్రోస్టేటు దాకా చీము పట్టవచ్చు. దారం కట్టి, కారపు మందు పూసి "రాల్చేస్తాం" అనే వాళ్ల దగ్గరా ఇదే ప్రమాదం. మొల పోయినా, మలాన్ని ఆపుకునే కండరం పాడైతే అది తిరిగి రాదు.

ఫిషర్: మొల కాదు, చీలిక

"మలానికి వెళ్తే గాజుపెంకులు దిగినట్టుంది, తర్వాత రెండు గంటలు మంట" అని ఎవరైనా అంటే అది చాలావరకు మొల కాదు, ఫిషర్. అంటే మలద్వారం చర్మంలో పడిన చీలిక. గట్టి మలం వల్ల చీలుతుంది. నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే అక్కడికి రక్తం సరిగా అందదు, అందకపోతే పుండు మానదు. నొప్పికి భయపడి మనిషి మలాన్ని ఆపుకుంటాడు, మలం ఇంకా గట్టిపడుతుంది. ఇదంతా ఒక గానుగ. పాతబడితే చీలిక చివర చిన్న చర్మపు తోక వేలాడుతుంది. దాన్ని చూసి మొల అనుకుని కోయించుకునేవాళ్లున్నారు.

టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు కూర్చోండి. మలం మెత్తబడే మందు వాడండి. బిగుసుకున్న కండరం సడలడానికి డిల్టియాజెం లాంటి పూతమందు డాక్టరు రాస్తారు. దాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు విడవకుండా వాడాలి. నాలుగు రోజుల్లో నొప్పి తగ్గిందని మానేయడమే మనవాళ్లు చేసే పొరపాటు. కొత్త చీలికలు ఎక్కువ భాగం ఇలాగే మానుతాయి. మానని వాటికి చిన్న ఆపరేషన్ ఉంది.

చీముగడ్డ, ఫిస్టులా

మలద్వారం పక్కన ఎర్రగా వాచి, సలుపుతూ, జ్వరం వస్తే అది చీముగడ్డ. దీనికి యాంటీబయాటిక్ మాత్రలు మింగుతూ కూర్చోకూడదు, చీము తీయించాలి. షుగరు ఉన్నవాళ్లయితే అదే రోజు వెళ్లాలి, ఒక్కోసారి ఆ చీము గంటల్లో చర్మం కింద పాకి ప్రాణం మీదికి తెస్తుంది. గడ్డ పగిలాక కొందరిలో లోపలి నుంచి బయటి చర్మానికి సొరంగంలా దారి మిగిలిపోతుంది. అది మూసుకుంటూ, మళ్లీ చీము కారుతూ ఉంటుంది. అదే ఫిస్టులా. ఉర్దూలో నాసూర్, ఆయుర్వేదంలో భగందరం. మందులతో ఇది మానదు. మన దేశంలో కొందరికి దీని వెనక టీబీ కూడా ఉంటుంది కాబట్టి కోసిన ముక్కను పరీక్షకు పంపారా అని అడగండి.

ఆయుర్వేదంలోని క్షారసూత్రం దీనికి అసలైన వైద్యమే. భారత వైద్య పరిశోధన మండలి చేయించి 1991లో ప్రచురించిన పరిశీలనలో, ఆపరేషన్ కన్నా క్షారసూత్రంతో మానడానికి ఎక్కువ వారాలు పట్టింది, కానీ జబ్బు తిరగబెట్టడం తక్కువగా ఉంది. ఐతే అది డిగ్రీ ఉన్న ఆయుర్వేద సర్జన్ చేతిలో. గోడరాత వైద్యుడి దారం అది కాదు.

ఏ రక్తానికి భయపడాలి

ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదువుతామంటే ఇది చదవండి. పురీషనాళంలో క్యాన్సర్ మొదలైనప్పుడు కూడా మొదట కనబడేది రక్తమే. మొలలనుకుని ఏడాది రెండేళ్లు పూతమందు రాసుకుంటూ ఉండిపోతారు. పడమటి దేశాల కంటే మన దేశంలో ఈ క్యాన్సర్ చిన్న వయసులోనే కనబడుతోంది, కాబట్టి "నాకింకా నలభై రాలేదు" అన్నది ధైర్యం కాకూడదు. రక్తం మలంలో కలిసిపోయి రావడం, జిగట పడటం, మలం అయినా ఇంకా ఉందనిపించడం, ఆరు వారాలుగా విరేచనాల తీరు మారిపోవడం, బరువు తగ్గడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం: వీటిలో ఏ ఒక్కటున్నా ఆగకూడదు. తారులా నల్లగా, జిగురుగా, దుర్వాసనతో మలం వస్తే రక్తం పైనుంచి, అంటే కడుపులోంచి పడుతోందని అర్థం. అది ఎమర్జెన్సీ. గర్భిణులకు ఐరన్ మాత్రల వల్ల మలం నల్లబడటం వేరు, దానికి కంగారు అక్కర్లేదు.

డాక్టరు చేసే మొదటి పరీక్ష గ్లవ్ వేసుకుని వేలితో చూడటం. నిమిషం పట్టదు. పురీషనాళపు కింది భాగంలో గడ్డ ఉంటే చాలాసార్లు ఆ వేలికే తగులుతుంది. తర్వాత చిన్న గొట్టంతో చూస్తారు, అవసరమైతే కొలనోస్కోపీ రాస్తారు. అసలు చూడకుండానే మొలల మందు రాసిచ్చే చోట ఇంకోసారి అడుగు పెట్టకండి. నొప్పి విపరీతంగా ఉన్న ఫిషర్‌లో మాత్రం వేలి పరీక్షను కొన్నాళ్లు వాయిదా వేస్తారు.

ఆడవాళ్లు చెప్పుకోని బాధలు

దగ్గితే, తుమ్మితే, నవ్వితే మూత్రం పడటం. కింద ఏదో జారినట్టు, బరువుగా ఉండటం. గాలి, మలం ఆపుకోలేకపోవడం. కాన్పులు ఎక్కువైనవాళ్లలో, చెరకు మోపులు, నీళ్ల బిందెలు మోసినవాళ్లలో, నెలసరి ఆగినవాళ్లలో ఇవి ఎక్కువ. కటి భాగాన్ని కింద నుంచి ఊయలలా మోసే కండరాలు వదులు కావడమే దీనికి మూలం. "వయసైపోయింది, ఇంతే" అని నానీ, దాదీలు సర్దుకుపోతారు. కానీ దీనికి వైద్యం ఉంది.

మూత్రం, గాలి ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్నే కూర్చునో, పడుకునో బిగించి, ఐదు సెకన్లు పట్టి వదలాలి. ఒక విడతకు పది సార్లు, రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగపట్టకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి దీన్ని సాధన చేయకూడదు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు ప్రచురించిన వ్యాయామం ఇది. కనీసం మూడు నెలలు చేస్తేగాని ఫలితం తెలియదు. గర్భసంచి జారినవాళ్లకు రింగు పెట్టే పద్ధతి ఉంది, ఆపరేషన్ ఉంది. కాన్పులో చిరిగి కుట్లు పడి, ఆ తర్వాత మలం గానీ మూత్రం గానీ యోని దారిన వస్తుంటే మాత్రం ఇంట్లో దాచకుండా వెంటనే చూపించాలి.

మగ డాక్టరైతే చూపించుకోనని ఆగిపోయే అక్కచెల్లెళ్లకు ఒక మాట. లేడీ డాక్టరు కావాలని అడగొచ్చు. మగ డాక్టరే చూడాల్సి వస్తే పక్కన ఆడ నర్సు ఉండాలని అడిగే హక్కు మీకుంది. విశాఖలోని విక్టోరియా ఆసుపత్రిని ఈనాటికీ జనం ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. ఆ మాట పరదా పాటించే ఆడవాళ్లకు వాడిన 'గోషా' నుంచి వచ్చిందే. హయాకూ వైద్యానికీ పడదని అనుకునేవాళ్లకు ఆ పేరు ఒక్కటి చెబితే చాలు.

వుజూ, రోజా సంగతి

మూత్రమో, చీమో ఆగకుండా కారేవాళ్లు వుజూ నిలవదని నమాజే మానుకుంటారు. ఇలాంటివాళ్లను షరియత్‌లో మాజూర్ అంటారు, వాళ్లకు సౌలభ్యం ఉంది. హనఫీ పద్ధతిలో ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే సరిపోతుంది. మీ ఆలిమ్‌ను అడగండి, ఇది అడగడానికి సిగ్గుపడే మసలా కాదు. నీళ్లతో ఇస్తింజా చేసుకోవడం ఫిషర్‌కు, మొలలకు నిజంగా మంచిది. సబ్బు, డెటాల్ మాత్రం వద్దు, మెత్తని బట్టతో అద్దుకోండి చాలు.

రంజాన్‌లో నీళ్లు తగ్గి, ఇఫ్తార్‌లో పకోడీ, సమోసా, హలీం పెరిగి, చాలామందికి మూడో వారానికి మలబద్ధకం మొదలవుతుంది. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండండి. లోపల పెట్టుకునే మందులు ఇఫ్తార్ తర్వాతే వాడుకుంటే రోజా గురించిన అనుమానమే రాదు.

రాకుండా చూసుకోవడం

రోజుకు మూడు సార్ల నుంచి వారానికి మూడు సార్ల దాకా మలానికి వెళ్లడం మామూలే. రోజూ కాలేదని ముక్కనక్కర్లేదు. పీచు కావాలి. మన చోడి అంబలి, దంపుడు బియ్యం, ఆకుకూరలు, జామకాయ, పొట్టు పప్పులు చాలు. పరోటా, పాపె, మటన్ ఉన్న రోజు పక్కన కూర, పండు తప్పనిసరి చేయండి. ఇసబ్‌గోల్ మంచిదే. ఆ పేరు పారసీలో గుర్రం చెవి అన్న అర్థం నుంచి వచ్చింది, గింజ ఆకారం అలా ఉంటుంది. దాన్ని పెద్ద గ్లాసు నీళ్లతోనే తాగాలి, నీళ్లు తక్కువైతే అదే అడ్డుపడుతుంది. దొడ్లోకి ఫోను తీసుకెళ్లకండి. కమోడు ఉన్న ఇంట్లో కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే మలం తేలిగ్గా వస్తుంది. చిన్నపిల్లలకు ఆసనం బయటికి జారితే తడిబట్టతో మెల్లగా లోపలికి నెట్టి, డాక్టరుకు చూపించండి. ఎక్కువగా మలబద్ధకం, విరేచనాలు, పోషకాహార లోపం దీనికి కారణాలు.

ఎక్కడికి వెళ్లాలి

ముందు చోడవరం ప్రభుత్వ ఆసుపత్రి. సర్జన్ అవసరమైతే సుమారు 20 కిలోమీటర్ల దూరంలో అనకాపల్లిలో ఎన్టీఆర్ ఆసుపత్రి ఉంది. పెద్ద పరీక్షలకు విశాఖ కేజీహెచ్, క్యాన్సర్ అనుమానం నిజమైతే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి. ఆపరేషన్ చెబితే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా అని ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలన్నీ దగ్గర పెట్టుకోండి. రక్తం ఎన్నాళ్ల నుంచి పడుతోంది, మలం ముందా తర్వాతా, ఏ మందులు వాడారు అన్నది ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నోటితో చెప్పలేకపోతే ఆ కాగితమే డాక్టరు చేతికిచ్చేయొచ్చు.