బండి మారినప్పుడు బండివాని గతి

ఓడలు బండ్లవుతవి, బండ్లు ఓడలవుతవి అని మన పెద్దలు చెప్పేవారు. అయితే ఒక బండి పోయి మరొక బండి వచ్చినప్పుడు దానిని తోలేవాడు, దానికి చక్రం చేసేవాడు, చెడిపోతే బాగుచేసేవాడు ఏమవుతారన్న విచారణ మాత్రం తక్కువ. నేడు రాయవేలూరు, కాట్పాడి, గుడియాత్తం వీథులలో పొగ లేని, చప్పుడు లేని విద్యుత్ బండ్లు తిరుగుచున్నవి. ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఆటో తోలేవారు కలరు, మెకానిక్కు షెడ్డు నడిపేవారు కలరు, విడిభాగాల అంగడి పెట్టుకొన్నవారు కలరు, రాణిపేట, హోసూరు కర్మాగారాలకు పోయి పనిచేసే యువకులు కలరు. గనుక ఈ ఉగాది నాడు, రాబోయే ఏడాది ఫలాలతోపాటు, గడచిన మార్పుల చరిత్రను కూడ ఒకమారు తిరగవేయుట మంచిది.

ఈ గడ్డమీద బండి మారడం ఇదే మొదలు కాదు. దక్షిణదేశంలో మొదటి ప్రయాణికుల రైలుదారి 1856 జూలై 1వ తేదీన తెరిచినారు. అది చెన్నపట్నం రాయపురం నుండి మన పక్కనున్న వాలాజారోడ్డుకే వచ్చినది. కొద్ది యేండ్లలో ఆ దారి గుడియాత్తం, జోలార్‌పేటల మీదుగా పడమటి సముద్రతీరాన బేపూరు వరకు సాగినది. అంతకు ముందు సరుకు ఎడ్లబండ్ల మీద, పెరికె ఎద్దుల మీద రోజుల తరబడి నడిచేది. రైలు వచ్చినంతట దూరపు కిరాయిలు పోయినవి. అయినను బండివాడు పూర్తిగా చెడలేదు. ఊరినుండి స్టేషనుకు, స్టేషనునుండి అంగడికి సరుకు చేర్చుటకు ఎడ్లబండే కావలసివచ్చినది. వడ్రంగి చక్రానికి ఆకులు చెక్కుతూనే ఉన్నాడు, కమ్మరి ఇనుప పట్టా తొడుగుతూనే ఉన్నాడు. కాని ఇది ఎవరో ఆలోచించి చేసిన మేలు కాదు. కాలం కలిసివచ్చినది, అంతే. ప్రతిసారీ అట్లా కలిసిరాదు.

కలిసిరానప్పుడు ఏమవుతుందో గుడియాత్తం మగ్గం చెప్పగలదు. మగ్గం బండి కాదు, కాని యంత్రం మారినప్పుడు పనివాడు పడే పాట్లు రెండింటికీ ఒకటే. గుడియాత్తం లుంగీ పేరుపడ్డది. మరమగ్గాలు పెరిగేకొద్దీ చేతిమగ్గానికి గిరాకి తగ్గినది. నేతగాండ్లను ఆదుకొనుటకు 1935లోనే రాష్ట్ర చేనేత సహకార సంఘం ఏర్పడినది. దానినే ఇప్పుడు కో-ఆప్టెక్స్ అంటున్నాము. 1985లో కేంద్ర ప్రభుత్వం కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే కేటాయిస్తూ చట్టం చేసినది. మొదట 22 రకాలు ప్రకటించి, తరువాత 11కు తగ్గించినారు. లుంగీ కూడ ఆ జాబితాలో నిలిచినది.

మరి సహాయం అందరికీ చేరిందా? సంఘంలో సభ్యుడైన నేతగానికి నూలు, కూలి, రిబేటు, పింఛను ఏదో ఒకటి దక్కినది. షావుకారు దగ్గర కూలికి నేసేవాని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఇంటిలో కూర్చుండి కండెలు చుట్టే ఇల్లాలి పేరు అసలే లేదు. మగ్గం ఆగిపోయిననాడు పోయిన జీవనోపాధి ఒకటని లెక్క వ్రాసుకొన్నారు. నిజానికి ఆ ఇంట్లో పోయినవి రెండు మూడు.

దీనికి ఎదురుగా చెప్పుకోదగినది 1973 నాటి రిక్షాల కథ. మనిషిని మనిషి లాగే రిక్షాను తమిళనాడు ప్రభుత్వం ఆ యేడు రద్దుచేసినది. చేసి ఊరకుండలేదు, లాగేవారికి సైకిలు రిక్షాలు ఇప్పించినది. పాత బండిని తీసుకొన్న చేతితోనే కొత్త బండిని ఇచ్చుట అనగా ఇదే. ఇది ఎందుకు సాధ్యమైనదనగా, రిక్షా లాగేవాడు ఎవరో సర్కారుకు తెలుసును గనుక. అయితే తరువాత ఆటోలు వచ్చి సైకిలు రిక్షాను పక్కకు నెట్టినప్పుడు, తొక్కేవాని చేతికి ఆటో తాళం ఇచ్చినవారు లేరు. అప్పు పుట్టినవాడు ఆటో కొన్నాడు, వయసు మీరినవాడు ఇంటికి పోయినాడు.

ఇంకొక పాఠం పాలారు నేర్పినది. తోళ్ల పరిశ్రమ మురుగు నీరు ఈ నదిని, బావులను పాడుచేసినదని వేలూరు పౌరులు సుప్రీంకోర్టుకు పోయినారు. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చినది. పాడుచేసినవారే ఖర్చు భరించవలెననీ, గడువులోగా శుద్ధి యంత్రాలు పెట్టని కార్ఖానాలు మూయవలెననీ కోర్టు శాసించినది. తీర్పు న్యాయమైనది, నీరు అందరిదీ. కాని ముందే చేయవలసిన మంచిపని యేండ్ల తరబడి వాయిదా పడి చివరకు గడువై వచ్చినప్పుడు, యజమానికి నష్టం, తోళ్లు కడిగే కూలివానికి పస్తు. విద్యుత్ బండి కూడ గాలి బాగుపడుటకే వచ్చినది. దానిని కాదనడం మన పని కాదు. గడువు మీదపడేదాకా కూర్చుండడమే తప్పు.

ఇప్పుడు వర్తమానం చూతము. తమిళనాడు ప్రభుత్వం 2019లో విద్యుత్ వాహన విధానం ప్రకటించి, 2023లో దానిని సవరించినది. 50,000 కోట్ల రూపాయల పెట్టుబడి, లక్షన్నర ఉద్యోగాలు లక్ష్యమన్నారు. 2019 వరకు వేలూరు జిల్లాలోనే ఉండిన రాణిపేటలో 2021లో ఆంపియర్ స్కూటర్ల కర్మాగారం వచ్చినది. కృష్ణగిరి వైపు పోచంపల్లిలో ఓలా స్కూటర్ల కర్మాగారం అదే యేడు లేచినది. 2024 సెప్టెంబరు 28న రాణిపేట జిల్లా పనపాక్కంలో టాటావారి 9,000 కోట్ల కార్ల కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. 2024లో దేశమంతటా అమ్ముడైన మూడుచక్రాల బండ్లలో సగానికి పైగా విద్యుత్‌వే. అయితే 2023 విధానం విద్యుత్ వాహన నగరాలుగా తీర్చదలచిన ఆరు ఊళ్లు చెన్నై, కోయంబత్తూరు, తిరుచ్చి, మదురై, సేలం, తిరునల్వేలి. అందులో వేలూరు లేదు. కర్మాగారాలు మన పొరుగున, ఏర్పాట్లు మరొకచోట!

విద్యుత్ బండిలో పిస్టన్ లేదు, క్లచ్ లేదు, కార్బురేటర్ లేదు, స్పార్కు ప్లగ్గు, సైలెన్సర్ లేవు. ఆయిలు మార్చే పని లేదు. టైరు, బ్రేకు, స్ప్రింగులు, సీటు, దీపాలు ఉంటవి. కొత్తగా బ్యాటరీ, మోటారు, వాటిని నడిపే కంట్రోలరు వచ్చినవి. గనుక మెకానిక్కు పని మొత్తం పోదు. సగం పోయి సగం మారుతుంది. ఆ మారిన సగాన్ని చెవితో ఇంజను చప్పుడు విని పట్టలేము. మీటరుతో కొలిచి పట్టవలెను. కార్ల బ్యాటరీలో 300 వోల్టులకు పైగా ఉంటుంది. నేర్వక చేయిపెడితే ప్రాణానికే ముప్పు.

ఇతర దేశాలలో ముందుచూపు ఎట్లుండునో జర్మనీ చూపినది. రూర్ ప్రాంతపు నల్లబొగ్గు గనులను 2018లోగా ముగించాలని 2007లోనే నిర్ణయించినారు. పదకొండేండ్ల వ్యవధిలో ఒకరిని పింఛనుకు, ఒకరిని వేరు పనికి మార్చుకొంటూ వచ్చి, చివరి గనిని 2018 డిసెంబరులో మూసినారు. అక్కడ ప్రతి గనికార్మికుని పేరు పుస్తకంలో ఉన్నది.

ఈ కథలన్నీ కలిపి చూస్తే తేలేది ఒక్కటే: సహాయం పేరున్నవానికే చేరుతుంది. పెద్ద కర్మాగారంలో శాశ్వత ఉద్యోగికి పేరున్నది, యూనియన్ ఉన్నది. కాంట్రాక్టు కూలికి, లేతు పట్టే పనివానికి, షెడ్డులో స్పానరు అందించే కుర్రవానికి లేదు. తమిళనాడులో 1982 నాటి చట్టం కింద అసంఘటిత కార్మికులకు సంక్షేమ మండలులు ఉన్నవి, అందులో డ్రైవర్లకు ఒకటి. 2021లో కేంద్రం తెరిచిన ఈ-శ్రమ్ జాబితా కూడ ఉన్నది. మన సంఘం పెద్దలకు నా మనవి ఏమనగా, ఈ వృత్తులలో ఉన్న మన కుటుంబాల పేర్లు వ్రాయించండి. అందరినీ ఈ జాబితాలలో చేర్పించండి. అరవం చదవలేనివారికి దరఖాస్తు వ్రాసిపెట్టండి. ఐ.టి.ఐ. వారిని అడిగి, పగలు షెడ్డు మూయలేని మెకానిక్కులకు సాయంకాలపు తరగతి పెట్టించండి. మనవారితో పాటు పక్క షెడ్డులోని తమిళ సోదరుని పేరు కూడ వ్రాయండి. కష్టానికి భాష లేదు. ఆడవారిని మరువకండి, విడిభాగాల అంగడిలో లెక్కలు చూసే ఇల్లాలిది కూడ ఉద్యోగమే.

బండి మారక తప్పదు. మారేలోగా మన చేతిలో కొంత వ్యవధి ఉన్నది. ఆ వ్యవధిని వాడుకొంటే కొత్త బండి తాళం కూడ మనవారి చేతికే వస్తుంది.