నూటికి ఏడు తక్కువ

క్రిందటి వేసవి సెలవులకు అమెరికా నుండి వచ్చిన మా మనుమడికి బేస్‌బాల్ అంటే ప్రాణం. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని నాకు డాన్ లార్సెన్ కథ చెప్పాడు. 1956 అక్టోబరు 8న వరల్డ్ సిరీస్ పోటీలో న్యూయార్క్ యాంకీస్ పక్షాన లార్సెన్ బంతులు విసిరాడు. బ్రూక్లిన్ డాడ్జర్స్ వారు 27 మారులు బ్యాటు పట్టి వచ్చారు. 27 మారులూ వచ్చిన దారినే పోయారు. ఒక్కడైనా మొదటి బేసు చేరలేదు. అట్టి ఆటను పరిపూర్ణమైన ఆట అని వ్యవహరిస్తారట. కథ ముగించి, "మన గోదావరి వైపు ఇలా బంతి వేసినవాళ్ళు ఎవరూ లేరా తాతయ్యా?" అని అడిగాడు.

"ఎందుకు లేరురా, మన ఆలమూరులో పుట్టినవాడు ఒకడున్నాడు" అన్నాను. ఆనాడు వాడికి చెప్పినదానినే కొంత సవరించి ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడికీ, క్రికెట్‌లో బంతి వేసేవాడికీ భేదం మోచేతిలో ఉన్నది. అక్కడ చేయి మడిచి విసరవచ్చు. బంతి గాలిలోనే వంపు తిరగాలి. ఇక్కడ చేయి మడిచి విసరరాదు. అయితే నేల తోడుంటుంది. పడిన చోటి నుండి బంతి ఎటు తిరుగుతుందో బ్యాటు పట్టినవాడు ఊహించుకోవాలి. ఆ నేల సాయంతోనే లార్సెన్ ఘనకార్యానికి కొద్ది నెలల ముందు, అదే 1956 జులైలో, మాంచెస్టరు టెస్టులో ఇంగ్లండు స్పిన్నరు జిమ్ లేకర్ ఆస్ట్రేలియాపై 90 పరుగులిచ్చి 19 వికెట్లు తీశాడు. ఒక టెస్టులో ఒక జట్టువి పడగలిగిన వికెట్లు ఇరవయ్యే గదా! ఇట్టి నిండు లెక్కలను లోకం మరువదు. నా చింత నిండని లెక్కలను గురించి.

సాగి లక్ష్మీ వెంకటపతి రాజు 1969 జులై 9న ఆలమూరులో జన్మించాడు. అప్పుడది తూర్పు గోదావరి జిల్లా. 2022 నుండి కోనసీమ జిల్లా. పుట్టినది గోదావరి సీమలోనైనా ఆడినది హైదరాబాదు జట్టుకు. బక్కపలుచని మనిషి, అందుకే కాబోలు తోటి ఆటగాళ్ళు వేళాకోళంగా 'మజిల్స్' అని పిలిచేవారు. ఎడమచేతి వాటపు స్పిన్నరు. ఈ జాతి బౌలరుకు వేగం లేదు, భయపెట్టే రూపం లేదు. ఒకే చోట బంతిని మళ్ళీ మళ్ళీ వేసి, ఎదుటివాడి ఓర్పు నశించేదాకా తాను ఓర్చుకోవడమే అతని విద్య.

1990 ఫిబ్రవరిలో న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్‌లో రాజు తొలి టెస్టు ఆడాడు. రిచర్డ్ హాడ్లీ ప్రపంచంలో అందరికన్నా ముందుగా 400 వికెట్లు పూర్తి చేసినది ఆ ఆటలోనే. పత్రికలన్నీ హాడ్లీవే. రాత్రి కాపలాదారుగా బ్యాటు పట్టి వెళ్ళి, అదే హాడ్లీని ఎదిరించి 31 పరుగులు చేసిన కుర్రవాడిని ఎందరు చూశారు? ఆ ఏడే ఇంగ్లండు పర్యటనలో కోర్ట్నీ వాల్ష్ బంతి తగిలి రాజు చేతి కణుపు విరిగింది.

గాయం మానిన పిమ్మట, అదే సంవత్సరం నవంబరులో, చండీగఢ్ 16వ సెక్టారు మైదానంలో శ్రీలంకతో టెస్టు. ఆ మైదానంలో జరిగిన టెస్టు అది ఒక్కటే. మొదటి ఇన్నింగ్స్‌లో రాజు లెక్క ఇది: 17.5 ఓవర్లు, 13 మెయిడిన్లు, 12 పరుగులు, 6 వికెట్లు. శ్రీలంక 82కే కూలింది. ఆ ఆరు వికెట్ల కన్న నన్ను ముగ్ధుణ్ణి చేసేవి ఆ పదమూడు మెయిడిన్లు. వేసినవి 107 బంతులు. ఇచ్చినవి పన్నెండు పరుగులు. ఇదీ మా ఆలమూరు వారి పరిపూర్ణత!

తరువాత 1993లో ఇంగ్లండుపై మూడు టెస్టులూ గెలిచిన సిరీస్‌లో కుంబ్లే 21 వికెట్లు తీస్తే రాజు 16 తీశాడు. 1994లో అహమ్మదాబాదులో శ్రీలంకపై 125 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. అటుపై క్రమంగా జట్టుకు దూరమయ్యాడు.

కొన్నేళ్ళ విరామానంతరం 2001 మార్చిలో కలకత్తా టెస్టుకు పిలుపు వచ్చింది. ఫాలో ఆన్ ఆడి గెలిచిన ఆ మహాద్భుతం మీకు తెలియనిది కాదు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, హర్భజన్ 13 వికెట్లు అందరికీ కంఠస్థం. ఆఖరి రోజున మార్క్ వా వంటి ఘనుణ్ణి సున్నకే ఎల్బీడబ్ల్యూగా పంపినది ఎవరని అడిగితే, జవాబు చెప్పినవారు నాకింతవరకు తారసపడలేదు. అది రాజు తీసిన 93వ టెస్టు వికెట్టు, అదే చివరిది. ఆ తరువాత అతడు మరి టెస్టు ఆడలేదు. 28 టెస్టులు, 93 వికెట్లు.

ఇంత చెప్పగా మా వాడు వెంటనే, "ఇంకో ఏడు తీసి ఉంటే వంద అయ్యేది కదా!" అన్నాడు.

నాకు చప్పున మాట రాలేదు. ఏళ్ళ తరబడి పిల్లల జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి. 93 మార్కులు తెచ్చుకొని సంతోషంతో నిలుచున్న పిల్లవాడిని, "మిగిలిన ఏడూ ఏమయ్యాయిరా?" అని అడిగిన పాపం నాది కూడా. ఆ ప్రశ్నకు వాళ్ళ ముఖాలు వాడిపోవడం ఇప్పుడు జ్ఞాపకం వస్తున్నది. ఆ 93 ఎట్లా వచ్చాయని ఒక్కనాడూ అడగలేదు.

మనుమడి నోటు పుస్తకంలో 17.5, 13, 12, 6 అని నాలుగు అంకెలు వ్రాసి ఇచ్చాను. వాడు వాటిని చాలాసేపు చూసి, "పదమూడు ఓవర్లలో ఒక్క పరుగూ లేదా?" అన్నాడు. మరునాడు జొన్నాడ మీదుగా ఆలమూరు తీసికొనివెళ్ళి ఊరు చూపించాను. అక్కడ చూడదగిన గుర్తేదీ నాకు కనబడలేదు. వాడు మాత్రం ఊరి పేరు వ్రాసిన పలక ప్రక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

స్వస్తి.