పొట్ట కోయకుండా ప్రోస్టేట్ దాకా

బ్రిటిష్ కాలంలో మన దేశంలో పనిచేసిన పీటర్ ఫ్రేయర్ అనే ఐరిష్ సర్జన్‌కు మూత్రాశయంలో రాళ్లు తీయడంలో గొప్ప పేరుండేది. అందుకు ఆయన పొట్ట కోసేవాడు కాదు. మూత్రనాళం గుండా లోహపు పనిముట్టు పంపి, రాయిని లోపలే నలగ్గొట్టి, ఆ ముక్కల్ని నీళ్లతో కడిగి బయటికి తెచ్చేవాడు. రాంపూర్ నవాబుకు అలా రాయి తీసినందుకు ఆయనకు లక్ష రూపాయలు ముట్టాయి. అదే ఫ్రేయర్ లండన్ చేరాక, 1900లో, ప్రోస్టేట్ పెరిగిన రోగికి మాత్రం పొట్ట కోయక తప్పలేదు. రాయి వచ్చిన దారిలోనే ప్రోస్టేట్‌నూ చక్కగా తీయగలగడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

ప్రోస్టేట్ మగవాళ్లకు మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే చిన్న గ్రంథి. యాభై దాటాక చాలామందిలో పెరుగుతుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. కానీ మధ్యలో ఉన్న నాళం ఇరుకవుతుంది. ధార సన్నబడుతుంది, వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది, రాత్రి పదేపదే లేవాల్సి వస్తుంది. ఒక్కోసారి చుక్క కూడా రాదు. పందొమ్మిదో శతాబ్దంలో అంతదాకా వచ్చిన వృద్ధులకు కాథెటరే గతి. రోజూ తామే గొట్టం వేసుకునేవారు. చీము పట్టి, కిడ్నీలు పాడై, ఎందరో అలాగే పోయారు.

ఫ్రేయర్ మూత్రాశయం తెరిచి, వేలు పోనిచ్చి, తొక్కలోంచి కమలాపండును వేరుచేసినట్టు గ్రంథిని ఒలిచేవాడు. న్యూయార్క్‌లో యూజీన్ ఫుల్లర్ అంతకుముందే ఆ పని చేసినా, లోకానికి తెలిసేలా చేసింది ఫ్రేయరే. 1912 నాటికి వెయ్యి కేసులు ప్రకటించాడు. అంత అనుభవజ్ఞుడి చేతిలోనూ నూటికి అయిదారుగురు దక్కలేదు.

పొట్ట జోలికి వెళ్లకూడదన్న పట్టుదల అమెరికాలో ఫలించింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ 1909లో నాళం గుండానే అడ్డం కత్తిరించే గొట్టపు పనిముట్టు తయారుచేశాడు. డైమండ్ జిమ్ బ్రేడీ అనే సంపన్నుడికి ఎన్నో జబ్బులు. పెద్ద ఆపరేషన్‌కు తట్టుకునే శరీరం కాదు. 1912లో యంగ్ ఈ పనిముట్టుతోనే ఆయన్ని గట్టెక్కించాడు. ఆ కృతజ్ఞతతో బ్రేడీ ఇచ్చిన డబ్బుతో వెలిసిందే అక్కడి బ్రేడీ యూరాలజీ సంస్థ. అయితే యంగ్ పనిముట్టుతో కోత కంటికి కనిపించేది కాదు, రక్తం ఆపడమూ కష్టమే.

1926లో మాక్సిమిలియన్ స్టెర్న్ కరెంటుతో కోసే సన్నని తీగను గొట్టంలో అమర్చి, దానికి రెసెక్టోస్కోప్ అని పేరు పెట్టాడు. కోత కనిపించేలా లోపల పారించే నీళ్లలో ఆ కరెంటు చాలేది కాదు. దారి చూపినవాడు థియోడోర్ డేవిస్. డాక్టర్ కాకముందు ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరు. కోయడానికి ఒక కరెంటు, రక్తనాళాన్ని మాడ్చి మూయడానికి మరొకటి, రెండూ పాదం కింద స్విచ్‌తో నడిచేలా చేశాడు. జోసెఫ్ మెకార్తీ దానికి మంచి కటకం, బేకలైట్ తొడుగు జతచేశాడు. ఇప్పటికీ మన ఊళ్ల ఆస్పత్రుల్లో చేసే టర్ప్ ఆపరేషన్‌కు మూలం ఇదే. నడుముకు మత్తిచ్చి, గ్రంథిని లోపలి నుంచి చిన్న చిన్న పెళ్లలుగా చెక్కి, కడిగి తీసి, ల్యాబుకు పంపుతారు. తర్వాత పెట్టిన కాథెటర్ గుండా బ్యాగులోకి ఎర్రగా దిగే నీరు ఒకటి రెండు రోజుల్లో తేటపడితే దాన్ని తీసేస్తారు.

లోపల పారించే నీరే మొదట్లో ప్రమాదమైంది. అది తెగిన సిరల్లోంచి రక్తంలో చేరితే ఎర్రకణాలు పగిలిపోయేవి. దానికి బదులు గ్లైసిన్ ద్రావణం వచ్చాక ఆ బాధ తప్పినా, సోడియం పడిపోయి రోగి తికమకపడే ముప్పు మిగిలింది. అందుకే ఆపరేషన్ గంటకు మించనిచ్చేవారు కాదు. సెలైన్‌లోనే పనిచేసే బైపోలార్ యంత్రాలు ఆ భయం తీర్చాయి.

1990లలో న్యూజిలాండ్‌లోని టౌరంగాలో పీటర్ గిల్లింగ్ బృందం హోల్మియం లేజర్‌తో గ్రంథిని పొర నుంచి ఒలిచి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడే ముక్కలుచేసి పీల్చేయడం మొదలుపెట్టింది. ఫ్రేయర్ వేలు చేసిన పనే, ఆయన రాళ్లు తీసిన దారిలో! గ్రంథి ఎంత పెద్దదైనా దీనికి లొంగుతుంది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే మలుపు ఇదే.

తర్వాత వచ్చిన పద్ధతులు ఇంకా తేలిక. గ్రంథిని పక్కకు లాగిపట్టే యూరోలిఫ్ట్‌కు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. నీటి ఆవిరితో కణాల్ని చంపే రెజూమ్‌కు 2015లో వచ్చింది. గ్రంథికి రక్తమిచ్చే ధమనిని మూసే పద్ధతీ ఉంది. వీటిలో వీర్యస్ఖలనం దెబ్బతినే అవకాశం తక్కువ, కానీ కొందరికి మళ్లీ చికిత్స అవసరమవుతుంది. ఏది ఎవరికన్నది గ్రంథి పరిమాణం, ఆకారం, వాడుతున్న మందులు చూసి తేల్చాల్సిన మాట. మందులతోనే సరిపోయేవారూ చాలామంది.

మీ ఇంట్లో నాన్నగారో తాతగారో రాత్రి నాలుగుసార్లు లేస్తుంటే, వయసు మీద పడిందని సరిపెట్టుకోనివ్వకండి. ఆ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరే అడిగి యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మూత్రం పూర్తిగా ఆగిపోతే మాత్రం తెల్లవారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.